బ్లాస్ట్ ఫర్నేస్‌లో గడ్డి మొలిచింది నాన్నా!

డూయిస్‌బుర్గ్, జర్మనీ
ఆదివారం రాత్రి

నాన్నకి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కణ్ణే అనుకో. జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మీరంతా కులాసా అని తలుస్తాను.

నా ఫొటోలు చూసి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. "బ్లాస్ట్ ఫర్నేస్ చూడ్డానికెళ్ళానన్నావు, ఫర్నేస్ ఏదిరా? ఈ గడ్డీ గాదం ఏంటి?" అన్నావు. వెనక నుంచి అమ్మ "గుంటడికి తిండి సరిగ్గా దొరకట్లేదేమో, గడ్డి వేపు చూస్తన్నాడు" అనడం కూడా రికార్డయింది. తిండికేం లోటు లేదని చెప్పు. అమ్మ పంపిన ఆవకాయ ఇంకా అడుగంటలేదు.

ఆ గడ్డి ఉన్నది ఫర్నేస్ దగ్గరే నాన్నా. ఈ ఊళ్ళో మైడెరిష్ అని ఒక పేట ఉంది. అక్కడ ఆగస్ట్ తిస్సెన్ 1901లో ఇనుము కార్ఖానా మొదలెట్టాడు. మన సాక్చిలో ఇంకా అడవే ఉన్న రోజులన్నమాట. యూరప్‌లో ఉక్కు అమ్ముడుపోనంతగా పేరుకుపోయిన కాలంలో, 1985లో ఈ కార్ఖానా మూతపడింది. ఇంకెవరైనా అయితే తుక్కు కింద తూకానికి వేసేసేవారు. పీటర్ లాట్స్ అనే డిజైనరు మాత్రం, ఫర్నేసులు ఎక్కడివక్కడే ఉండనిచ్చి, వాటి చుట్టూ మొలిచినవాటిని మొలవనిచ్చి, 180 హెక్టార్ల పార్కు చేశాడు. 1994లో తెరిచారు. టిక్కెట్టు లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా వెళ్ళొచ్చు. జీవితమంతా కార్ఖానా గేటు దగ్గర పాస్ చూపించినవాడివి, నువ్వు నమ్మవని తెలుసు.

లోపల చేసిన పనులు వింటే మీ సేఫ్టీ ఆఫీసరుకి బీపీ పెరుగుతుంది. పాత గ్యాస్ హోల్డరులో నీళ్ళు నింపారు, జనం గాలి సిలిండర్లు వీపుకి కట్టుకుని అందులోకి దూకుతున్నారు. ఖనిజం పోసే బంకర్ల గోడలకి పిల్లలు తాళ్ళు కట్టుకుని పాకుతున్నారు. అయిదో నంబరు ఫర్నేస్ పైదాకా మెట్లెక్కి వెళ్ళి, అక్కడ నిలబడి శాండ్‌విచ్ తింటున్నారు. హెల్మెట్ ఏదీ అని అడిగేవాడే లేడు.

నేను మాత్రం పైకి తక్కువ, కిందకి ఎక్కువ చూశాను. పిగ్ ఐరన్ పోతపోసే చోట పరిచే ఇనప పలకలు ఉంటాయే, అలాంటివి 49 తెచ్చి ఒక బయలులో చదరంగా పరిచారు. కరిగిన ఇనుము తగిలి తగిలి వాటి మీద గుంటలు పడ్డాయి. వాటిల్లో వాన నీళ్ళు నిలిచి, తుప్పు మెత్తబడి, దాని మీద నాచు పట్టింది. మోచేతుల మీద పడుకుని లెన్స్ దగ్గరగా పెడితే నాచులోంచి వెంట్రుకంత సన్నటి కాడలు లేచి, ఒక్కోదాని కొసన ఆవగింజలో సగం ఉండే ఎర్రటి బుడిపె కనిపించింది. ఒకదాని మీద నీటిచుక్క నిలబడి ఉంది. నేను ఊపిరి వదిలితే అది పడిపోయింది. ఊపిరి బిగబట్టి బోర్లా పడుకున్న నన్ను చూసి ఎవరో ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యబోయారు. ఫొటో తీస్తున్నానని చెబితే, దేన్ని అని అడిగారు. నాచుని అన్నాను. అప్పుడు కూడా ఫోను జేబులో పెట్టలేదు.

పసుపుపచ్చ పువ్వు ఫొటో చూసి "మన దాల్మా కొండ మీద పువ్వులా ఉందే" అందట చెల్లి. కాదు. దాని సొంతూరు దక్షిణాఫ్రికా. పందొమ్మిదో శతాబ్దంలో ఉన్ని మూటల్లో దాక్కుని జర్మనీలో దిగి, ఆ తర్వాత రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. కంకరా బూడిదా ఉంటే దానికి అదే చాలు. తాతయ్య శ్రీకాకుళం నుంచి టాటానగర్‌కి అదే పద్ధతిలో వచ్చాడు కదా, ఆయన టిక్కెట్టు కొన్నాడో లేదో నాయనమ్మ చివరిదాకా చెప్పలేదు.

ఇక్కడి మిడత సంగతి వేరు. బూడిదరంగు కంకర మీద బూడిదరంగు మిడత. కాలు దానికి జానెడు దూరంలో పడేదాకా అక్కడ ఏమీ లేదనే అనిపిస్తుంది. అప్పుడు చటుక్కున లేస్తుంది, రెక్కల్లోంచి నెమలి మెడ నీలం ఒక్కసారి తళుక్కుమంటుంది, మళ్ళీ కంకర మీద వాలి కంకరైపోతుంది. నువ్వు "ఈ రాళ్ళ ఫొటోలెందుకు తీశావురా" అని అడిగినవన్నీ ఆ మిడత ఫొటోలే.

నేను ఈ ఫొటోలు తీస్తుండగానే నీ వీడియో కాల్ వచ్చింది. పక్కన నిలబడ్డ ఒక ముసలాయన కూడా నీలాగే ఒకప్పుడు ఫర్నేస్ మీద పనిచేసినవాడేనని నాకప్పటిదాకా తెలీదు. నువ్వు "ఇనుము బయటికొచ్చే ట్యాప్ హోల్ చూపించరా" అన్నావు, ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఇంక నాకు తిరిగివ్వలేదు. నీకు జర్మన్ రాదు, ఆయనకి తెలుగూ హిందీ రావు. నువ్వు రెండు చేతులతో డ్రిల్ పట్టినట్టు చూపించావు, ఆయన మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి గెంతాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బ్యాటరీ అయిపోయాక ఫోన్ చేతిలో పెట్టి, నా భుజం తట్టి, నాచు వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఇలా అన్నింటినీ మొలవనిస్తే గోడలు పోవా అంటావని తెలుసు. మన ఇంటి సన్‌షేడ్ మీద ఏటా వానలకి రావి మొక్క మొలుస్తుంది. రావి పీకితే పాపమని అమ్మ, పీకకపోతే గోడ పోతుందని నువ్వు. పాపం కిరాయిదారు మీదకి పోయేలా అతని చేత పీకించి, మొక్క మొదలులో కిరోసిన్ పోస్తావు. ఇక్కడా అన్నింటినీ వదిలెయ్యరులే, వేళ్ళు దింపి కట్టడాన్ని చీల్చేవాటిని కొట్టేస్తారు. కానీ కొట్టేముందు ఒకసారి చూస్తారు, పేరు రాసుకుంటారు. మన జూబిలీ పార్కు 1958 నుంచీ ఉంది, గులాబీలకి ఏం తక్కువ చెయ్యలేదు, కాకపోతే అక్కడ ఏ మొక్క ఎక్కడుండాలో మాలీ చెప్పాలి. నాకు ఆ పార్కంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమే. ఫొటో తియ్యడానికి మాత్రం ఎవరూ నాటనిదే బాగుంటుంది.

జర్మనీకీ మనకీ ఏం సంబంధమని మావయ్య ఇంకా అంటున్నాడా? 1940ల్లో జంషెడ్‌పూర్‌కి మాస్టర్ ప్లాన్ గీసిన ఒట్టో క్యోనిగ్స్‌బెర్గర్ బెర్లిన్‌లో పుట్టినవాడేనని చెప్పు. 2017లో టాటా స్టీల్ వాళ్ళూ ఈ తిస్సెన్‌క్రుప్ వాళ్ళూ యూరప్ వ్యాపారం కలుపుకుందామని తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు, 2019లో బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ పెద్దలు పోటీ ఉండదని అడ్డుపడి చెడగొట్టారు. అంత పెద్దవాళ్ళ సంబంధాలే తప్పిపోతుంటే నాదెంత అని అమ్మకి కాస్త నచ్చజెప్పు.

అయినా బిష్టుపూర్ రామమందిరంలో ఎవరో పెళ్ళివారు నా ఫొటో అడిగారని అమ్మ అంది కదా, ఒకటి పంపుతున్నాను. ఇక్కడ తీసినవాటిల్లో నేనున్నది అదొక్కటే. మధ్యలో పచ్చగా ఉన్నది నాచు. ఎడమ పక్క మూలన నల్లగా కనిపిస్తున్న బూటు నాది. కొత్తదే, చూపించొచ్చు.

మీ
చిన్నోడు