ఏజెంటు బాబాయి జారీ చేసిన ప్రయాణ హెచ్చరిక

భద్రత అంతంత మాత్రంగా ఉన్న దేశాలకు వెళ్లేవాళ్లకు సర్కారు ఎప్పుడూ మంచి మాటలే చెబుతుంది. దిగగానే మన రాయబార కార్యాలయంలో పేరు రాయించుకోండి. పాస్‌పోర్టు మీ చేతిలోనే ఉంచుకోండి. గుంపులున్న చోటికి పోకండి. రాత్రిపూట ఒంటరిగా తిరగకండి.

మొగల్తూరు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడమనిషి వీటిలో సగం ఎవరూ చెప్పకుండానే పాటిస్తుంది. గుంపుల్లోకి పోదు. రాత్రిపూట తిరగదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెడ్డవాడైతే పగటిపూట కూడా తిరగదు, తలుపుకి బయట తాళం ఉంటుంది కాబట్టి. పాస్‌పోర్టుకి మాత్రం ఏ భయమూ లేదు, అది కఫీల్ బీరువాలో ఉంటుంది. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని అట్టే పెట్టుకోకూడదని కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం చేసింది. ఆ చట్టాన్ని కూడా అదే బీరువాలో పెట్టి ఉంటారు.

మొగల్తూరు నుంచి మద్రాసు వెళ్లి పైకొచ్చిన కృష్ణంరాజు, చిరంజీవి పేర్లు లోకానికంతా తెలుసు. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లినవాళ్ల పేర్లు ఊళ్లో బ్యాంకు గుమాస్తాకి తెలుసు. ఈ రెండో రకం ప్రయాణికులకు సలహాలిచ్చే శాఖ ఢిల్లీలో లేదు, నరసాపురం వెళ్లే దారిలో టీ కొట్టు దగ్గర ఉంది. సబ్ ఏజెంటు బాబాయే దానికి మంత్రి, కార్యదర్శి, బంట్రోతు.

"ఏ సంవత్సరంలో పుట్టావమ్మాయ్?"

"తొంభై తొమ్మిదండి, బాబాయిగారు."

"తొందరపడి పుట్టేశావు. ముప్పై నిండందే ఇంటిపనికి పంపరు. సర్లే, దుబాయ్ విజిట్ వీసా మీద వెళ్లు, అక్కణ్ణించి మనవాళ్లు దాటిస్తారు. ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాలింటికి వెళ్తున్నానని చెప్పు."

"దుబాయ్‌లో మాకు చుట్టాలెవరున్నారండి?"

"ఇందాకట్నుంచీ నన్ను బాబాయిగారూ అంటున్నావు, మరి నేనేమవుతాను?"

"డబ్బెంతవుతుందండి?"

"నీ దగ్గర పైసా పుచ్చుకుంటే ఒట్టు. అంతా కఫీలే పెట్టుకుంటాడు."

అసలు ప్రమాదం ఈ ఆఖరి మాటలో ఉంది. మగవాడైతే వీసాకి పొలం తాకట్టు పెట్టి వెళ్తాడు, తానెంత బాకీయో అతనికి లెక్క తెలుసు. ఆడమనిషికి ఫ్రీ. కువైట్‌లో పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసువాడు కఫీల్ దగ్గర లక్షల్లో తీసుకుని, అందులో బాబాయి వాటా బాబాయికి పంపిస్తాడు. మూడో నెలలో ఆవిడ ఒంట్లో బాగాలేదు, పంపించెయ్యండి అంటే "నీ మీద పెట్టింది కట్టి కదులు" అంటారు. తన మీద ఎంత పెట్టారో, ఎవరికి పెట్టారో ఆవిడకి తెలిసేది అప్పుడే.

సర్కారు చేతులు ముడుచుకు కూర్చుందని అనను. 1983లో వలసల చట్టం చేసింది. పదో తరగతి గట్టెక్కనివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అనుమతి ముద్ర ఉండాలంది. వాళ్లలో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లయితే ముప్పై నిండాలంది, 2016లో ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలంది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అని ఒక సంస్థ ఉంది కూడా. కాకపోతే అది టీ కొట్టు దగ్గరికి రాదు. రెండేళ్లకి 275 రూపాయలు కడితే పది లక్షల బీమా కూడా ఉంది. అదీ ముద్ర పడ్డవాళ్లకే. విజిట్ వీసా మీద వెళ్లినావిడ కాగితాల్లో కూలిమనిషి కాదు, విహారయాత్రికురాలు. నరసాపురం లేసు గుడ్డ ఓడెక్కాలంటే ఇన్వాయిసు, ప్యాకింగు, బీమా అన్నీ సరిచూసి పంపుతారు. ఆ లేసు అల్లిన మనిషి బయల్దేరితే చేతిసంచి ఒకటే.

ఆడమనిషిని పనికి పెట్టుకునే విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని కూడా ఒక నియమం ఉండేది. ఇది కువైట్‌వాళ్లకి నచ్చలేదు. 2017లో మనవాళ్లు పెద్ద మనసు చేసుకుని కువైట్‌కి మటుకు మినహాయించారు.

యుద్ధమొస్తే మాత్రం మన సర్కారును మించినవాళ్లు లేరు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లో దిగితే, మనవాళ్లని అమ్మాన్ నుంచి విమానాల మీద విమానాలు పెట్టి తెచ్చారు. లక్షన్నర మందికి పైనే వచ్చారు. పౌర విమానాల్లో అంత పెద్ద తరలింపు లోకంలో మరొకటి జరగలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. సద్దాం వస్తే విమానం వస్తుంది. మేడమ్ ఇస్త్రీపెట్టెతో వాత పెడితే రాదు. అప్పుడు ఆవిడే గోడ దూకి, దారి కనుక్కుని, ఎంబసీ ఆశ్రయ గృహానికి చేరాలి. ఈలోగా కఫీల్ పరారీ కేసు పెడతాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. క్షమాభిక్ష ప్రకటించేదాకా దాక్కోవాలి. కువైట్ 2018లో ఒకసారి, 2020లో ఒకసారి, 2024లో ఒకసారి దయతలచింది. ఈ మధ్యలో తప్పించుకున్నవాళ్లు తిథి చూసుకోలేదన్నమాట.

ఇన్ని అగచాట్లు పడేకన్నా ఊళ్లోనే ఉండొచ్చుగా అనే పెద్దలూ ఉన్నారు. ఉండొచ్చు. 2017 మార్చిలో మొగల్తూరు మండలం నల్లంవారితోట ఆక్వా ప్లాంటులో ట్యాంకులోకి దిగిన ఐదుగురు విషవాయువుకి చనిపోయారు. వాళ్లు ఏ వీసా మీదా వెళ్లలేదు.

మగపిల్లల సంగతి వేరు. వాళ్లకిప్పుడు కువైట్ మోటు. కంప్యూటరు ఉద్యోగమని కాంబోడియా వెళ్లి, తాళాలేసిన భవనాల్లో సైబర్ మోసాలు నేర్చుకొస్తున్నారు. 2024లో విశాఖ పోలీసులు ఆ కూపీ లాగితే, పంపినవాళ్లు అక్కడా మన బాబాయిలే.

నా వంతుగా ఒక్క సలహా. బాబాయిని లైసెన్సు నంబరు అడగండి. కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉన్న ఏజెంటైతే, సర్కారు వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఆ నంబరు కొడితే పేరూ ఊరూ వస్తాయి. మొన్న ఒకావిడ ధైర్యం చేసి అడిగింది. బాబాయి చాలా నొచ్చుకున్నాడు.

"నంబరెందుకమ్మాయ్, మీ అత్తగారిని పంపింది నేనే గదా?"

"అందుకేనండి బాబాయిగారు అడుగుతున్నాను."