పడేముందు అర్జీ పెట్టుకోండి

న్యూయార్క్ నగరం 1979లో ఒక చిత్రమైన చట్టం చేసుకుంది. ఫలానా వీధిలో, ఫలానా చోట కాలిబాట పగిలిందని ఎవరైనా ముందుగా రాసి ఇవ్వాలి. ఆ కాగితం అందాక 15 రోజుల్లో బాగుచేయకపోతే, అప్పుడు అక్కడ కాలు తట్టుకుని పడ్డవాడి మొర నగరం వింటుంది. ఎవరూ రాయని చోట పడితే అది అతని ఖర్మ. పళ్లూడగొట్టుకునే ముందు పక్షం రోజుల వ్యవధితో అర్జీ పెట్టుకోమన్నమాట. ఖజానా గండం గట్టెక్కిందని అధికారులు ఊపిరి పీల్చుకుని ఉంటారు.

లాయర్లను మరిచిపోయారు. 1982లో అక్కడి ట్రయల్ లాయర్ల సంఘం పూనుకుని ‘బిగ్ యాపిల్ పాట్‌హోల్ అండ్ సైడ్‌వాక్ ప్రొటెక్షన్ కమిటీ’ పెట్టించింది. పేరు వింటే ఏదో ధర్మసంస్థ అనిపిస్తుంది. జీతమిచ్చి మనుషుల్ని పెట్టి వీధివీధీ తిప్పి, లేచిన పలకకో గుర్తు, గుంతకో గుర్తు చొప్పున మ్యాపులు గీయించి, కట్టలు కట్టలుగా రవాణా శాఖకు అందజేసింది. ఇక ఎవరు ఎక్కడ పడ్డా ‘ముందే చెప్పాంగా’ అనొచ్చు. గతుకులు పూడ్చాల్సినవాళ్లకు లేని శ్రద్ధ, గతుకుల మీద బతికేవాళ్లకు ఉండటంలో ఆశ్చర్యమేముంది!

అయితే మ్యాపు గీసే చెయ్యి కూడా తడబడుతుంది. 2008లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకొచ్చిన ఒక కేసులో, మనిషి పడ్డ చోట గుర్తయితే ఉంది, అదేమిటో తెలియలేదు. సరిగా గీయని ఎక్స్ లాగానో, హీబ్రూ అక్షరం ‘షిన్’ లాగానో, గడ్డి ఎత్తే ముళ్లపారకు పిడి ఊడినట్టో ఉందన్నారు న్యాయమూర్తులు. ఆ బెంచి మీద మనవాడెవరైనా ఉంటే ‘ఘ’ రాయబోయి మానేసినట్టుందనేవాడు. మ్యాపులో ఇచ్చిన గుర్తుల పట్టికలో అలాంటిది లేదు కాబట్టి నోటీసు చెల్లలేదు.

ఈలోగా నగరం ఇంకో ఎత్తు వేసింది. 2003 సెప్టెంబరు 14 నుంచి కాలిబాట పూచీ దాని పక్కనున్న భవనం యజమానిది. సొంతదారు కాపురముండే, మూడు కుటుంబాలకు మించని ఇళ్లకు మాత్రం మినహాయింపు.

అప్పట్నుంచి బొటనవేలు దేనికి తగిలిందన్నదే అసలు ప్రశ్న. పలకకు తగిలితే యజమాని. రోడ్డంచు కర్బుకైతే నగరం. చెట్టు పాదు చుట్టూ పేర్చిన రాళ్లకు తగిలినా నగరమే. పాదు కాలిబాటలో భాగం కాదని 2008లోనే ఆ కోర్టే తేల్చింది. మ్యాన్‌హోల్ మూతా, దాని చుట్టూ 12 అంగుళాల మేరా ఆ మూత సొంతదారుకు చెందిన తలనొప్పి. నగరం మీదికి వెళ్లాలంటే 90 రోజుల్లో నోటీసివ్వాలి. కట్టు కట్టించుకునే ముందు టేపు పట్టి కొలిపించుకోవడం మేలు.

కొలిచినా గ్యారంటీ లేదు. అర అంగుళం ఎగుడుదిగుడుంటే లోపమేనని నగర నిబంధన. లాంగ్ ఐలాండ్‌లోని సఫోక్ కౌంటీ మీద ఒకామె వేసిన కేసులో పలక అర అంగుళం పైచిలుకే లేచింది, అయినా ఆమె 1997లో ఓడిపోయింది. అంగుళాల లెక్క ఒక్కటే చాలదనీ, లోతు, వెడల్పు, సమయం, స్థలం అన్నీ చూడాలనీ కోర్టు చెప్పింది. పెళ్లి ముహూర్తానికీ ఇన్నే చూస్తారు.

ఇవన్నీ దాటి బోనెక్కితే అవతలి లాయరు ఒకటే అడుగుతాడు: పలక లేచి ఉండటం చూశారా? చూశానంటే, మరెందుకు కాలు పెట్టారు? చూడలేదంటే, మరెటు చూస్తున్నారు? జ్యూరీ లక్ష డాలర్ల నష్టం తేల్చి, అందులో 40 శాతం తప్పు నడిచినవాడిదే అంటే 60 వేలు మిగులుతాయి. అందులో మూడో వంతు సొంత లాయరు పుచ్చుకుంటాడు, మామూలు ఒప్పందం ప్రకారం.