పదిహేనేళ్లకే ముసలిదా!

రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల కొట్టు ముందు నలుగురు పాత లారీ డ్రైవర్లు చేరారంటే అసెంబ్లీ మొదలైనట్టే. అజెండా ఒక్కటే: ‘ఆ బండ్లే బండ్లు!’ టాటా లారీ మూతి మీద బెంజి నక్షత్రం మెరిసిన కాలం మరి. 1954లో కలిసిన పొత్తు 1969లో తీరిపోయింది. ఉస్తాద్‌ల మనసులో మాత్రం నక్షత్రం ఇంకా ఊడలేదు.

అప్పట్లో పవర్ స్టీరింగ్ లేదు, భుజాలుండేవి. సెన్సర్లు లేవు, చెవులుండేవి. నడుం నొప్పీ ఉండేది గానీ, అది కథలో రాదు.

సరే, ఇప్పటికీ తిరుగుతున్న ఓ పాత బండిని చూద్దాం. ఇంజన్‌కు రెండుసార్లు బోరు కొట్టించారు. గేర్‌బాక్సు ఇంకో లారీది, కమాన్ పట్టీలు మరో లారీవి, క్యాబిన్ మొన్న కట్టించింది. పాతది మిగిలింది నంబరు ప్లేటొక్కటే: ఏపీ 10. సికింద్రాబాద్ కోడ్ టీఎస్ 10 అయింది, 2024లో టీజీ 10 కూడా అయింది. ఈ లారీకి రాష్ట్ర విభజన సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు!

15 ఏళ్లు దాటిన పెద్ద లారీల ఫిట్‌నెస్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి రూ.12,500కు పెంచింది. వయసు బండిది, చెమట ఓనరుది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అన్నదీ ఆ కేంద్రమే. జీవితమంతా ఇంజన్ పక్కన ఉడికినవాళ్లు రిటైరయ్యాక చల్లని కబురు!

‘ఏసీలో నిద్రొస్తది, అదేం డ్రైవింగు?’ అని పెదవి విరిచాడో ఉస్తాద్. అంతలో కొత్త బండి డెలివరీ తెమ్మని ఓనరు ఫోన్. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.