కదలని రాకెట్టు: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

కట్టివేసి కాల్చు కదలని రాకెట్టు
చూడవచ్చినారు చోటులేక
మబ్బు లేచెననుచు మండలి మురిసెను
ఎగురలేదటంచు నేడ్చె నొకడు

అవతారిక

ఇది తిక్కన గారి సీమ. ఇక్కడ రాకెట్టు సంగతైనా సరే, పద్యం లేకుండా ఎత్తుకుంటే మర్యాదగా ఉండదు. పై ఆటవెలది ఎవరిదో టీకాకారుడికి తెలుసు గాని చెప్పడు. కవి పేరు తెలియకపోతే తప్పులన్నీ లేఖకుడి మీదికి పోతాయి. తెలిస్తే కవి ఇంటికే వస్తాయి.

మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసేవాడికి ఆ ప్రతిజ్ఞ చెల్లుతుంది. మూలంలోనే పెద్దగా ఏమీ లేనప్పుడు టీకాకారుడు ఎక్కడికి పోవాలి? కనుక ఈ వ్యాఖ్యలో మూలంలో లేనిదే ఎక్కువ.

సందర్భం ఇది. శ్రీహరికోటలోని సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రాన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ అంత పొడుగ్గా పిలవరు, షార్ అంటారు. ఆ షార్‌లో ఇప్పుడు ఇస్రో ఒక్కటే లేదు. ప్రైవేటు కంపెనీలు కూడా తమ మోటార్లను అక్కడికి తెచ్చి కాల్చి చూసుకుంటున్నాయి. ఆ కాల్చడాన్ని చూద్దామని బయల్దేరినవారి అవస్థను కవి చెబుతున్నాడు.

ప్రతిపదార్థము

కట్టివేసి = పరీక్షా వేదికకు గట్టిగా బిగించి; కాల్చు = మండించునట్టి; కదలని = కదలకూడదని ఇంజనీర్లు మొక్కుకొనునట్టి; రాకెట్టు = రాకెట్టు కాదు, అందులో ఒక దశకు చెందిన మోటారును; చూడన్ = చూచుటకు; వచ్చినారు = సెలవు పెట్టియు, పెట్టకయు వచ్చినారు; చోటులేక = గేటుకు ఇవతలనే ఆగిపోయి; మబ్బు లేచెన్ అనుచున్ = పొగను చూచి; మండలి = బండ్లు ఆపుకొన్న జనము; మురిసెను = స్పష్టము; ఎగురలేదు అటంచున్ = అది ఎగరవలసినది కాదని తెలియక; ఏడ్చెన్ ఒకడు = ఈ ఒకడెవరో చివర విచారింపబడును.

తాత్పర్యము

షార్‌లో ఒక మోటారును కదలకుండా బిగించి మండించారు. దూరం నుంచి చూసినవాళ్లకు పొగ కనిపించింది. అందరూ సంతోషించారు, ఒకాయన తప్ప.

వ్యాఖ్య

“కట్టివేసి”: పద్యానికి ప్రాణం ఈ పదమే. రాకెట్టును ఆకాశానికి పంపే ముందు దాని ఒక్కో దశనూ నేల మీదే మండించి చూస్తారు. దీన్ని స్టాటిక్ టెస్ట్ అంటారు. పెద్ద ఘన ఇంధన మోటారైతే అడ్డంగా పడుకోబెట్టి, దాని ముందు కొసను కదలని కట్టడానికి ఆనిస్తారు. మధ్యలో తోపును కొలిచే లోడ్ సెల్స్ ఉంటాయి. మంట వెనక్కి కొడుతుంది, మోటారు ముందుకు తోస్తుంది, కట్టడం ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడంలోనే కొలతంతా ఉంది. ఏ క్షణాన ఎంత తోసింది, లోపల పీడనం ఎలా పెరిగి ఎలా తగ్గింది, పెంకు ఎంత వేడెక్కింది, నాజిల్ చెప్పిన మాట విన్నదా లేదా అన్నీ అప్పుడే తెలియాలి. 2022 మే 13న గగన్‌యాన్ కోసం హెచ్‌ఎస్-200 అనే బూస్టరును ఇలాగే షార్‌లో కాల్చారు. 203 టన్నుల ఇంధనం 135 సెకన్లలో అయిపోయింది. ఆ రెండుంపావు నిమిషాల్లో దాదాపు 700 రకాల కొలతలు తీశారు. మన పెళ్లిచూపుల్లో కూడా అన్ని అడగరు.

కవి మనసులో ఉన్న మోటారు ఏదన్నది తర్వాతి ప్రశ్న. టీకాకారుడి పక్షం కలాం-1200. హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తయారుచేస్తున్న విక్రమ్-1 రాకెట్టుకు ఇది మొదటి దశ. పొడవు 11 మీటర్లు, అడ్డకొలత 1.7 మీటర్లు, అతుకుల్లేని కాంపోజిట్ పెంకు, లోపల 30 టన్నుల ఘన ఇంధనం. ఆ ఇంధనాన్ని పోతపోసింది కూడా శ్రీహరికోటలోని ఇస్రో ప్లాంటులోనే. 2025 ఆగస్టు 8 ఉదయం 9:05కి దీనికి నిప్పు పెట్టారు. 110 సెకన్లు మండింది, కదల్లేదు. అంతకుముందు 2024 మార్చి 27న రెండో దశ కలాం-250 కూడా ఇక్కడే 85 సెకన్లు మండి పరీక్ష దాటింది.

ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో ఈ కంపెనీ పెట్టారు. 2022 నవంబరు 18న వీళ్ల చిన్న రాకెట్టు విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్టు ఎగరడం అదే మొదలు. మోటార్లకు కలాం పేరు పెట్టడంలో స్థల ఔచిత్యం కూడా ఉంది. ఆయన ఎస్‌ఎల్‌వి-3కి ప్రాజెక్టు డైరెక్టరుగా ఉండగా 1979 ఆగస్టు 10న ఆ రాకెట్టు ఈ తీరం నుంచే లేచి బంగాళాఖాతంలో పడింది. మరుసటి ఏడు జులై 18న అదే తీరం నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ ఆగస్టులో పేపర్లు రాసినవి చదివిన పెద్దలు సూళ్లూరుపేటలో ఇంకా ఉన్నారు. వాళ్ల ముందు కుర్రకారు “ఫెయిలైపోయింది” అన్న మాట తొందరపడి వాడకూడదు.

“కాల్చు”: ఘన ఇంధనం చిచ్చుబుడ్డి జాతిది. అంటిస్తే అయిపోయేదాకా ఆగదు, మధ్యలో మనసు మార్చుకోవడానికి వీల్లేదు. ద్రవ ఇంధనం వేరు, మీట నొక్కితే ఆగుతుంది. ఇందుకు దృష్టాంతం అగ్నికుల్. మద్రాసు ఐఐటీలో పుట్టిన ఈ కంపెనీ దేశంలోనే తొలి ప్రైవేటు ప్రయోగ వేదికను ఈ దీవి మీదే కట్టుకుంది. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ కలిపి మండించే దాని ఇంజిన్‌ను ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగ్‌లో తీశారు. ఆ ఇంజిన్ పెట్టిన రాకెట్టు నాలుగుసార్లు లేస్తానని లేవలేదు. ఐదోసారి, 2024 మే 30 ఉదయం 7:15కి లేచింది. అనుభవజ్ఞులైన ప్రేక్షకుల ఆచారం దీన్నిబట్టే ఏర్పడింది: ఘన ఇంధనమైతే కళ్లు తెరుచుకుని పోవాలి, ద్రవ ఇంధనమైతే టిఫిన్ కట్టుకుని పోవాలి.

“రాకెట్టు”: ఇక్కడ “రాకెట్టును” అని ఉండాలి కదా అని వ్యాకరణం చదివినవాళ్లు అడుగుతారు. జడవాచకానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చు, దోషం లేదు. రాకెట్టు జడమేనా అంటే, ఆ 110 సెకన్లు తప్పించి జడమే.

“చోటులేక”: కవి నిట్టూర్పు ఈ పదంలో ఉంది. సూళ్లూరుపేటలో దిగి తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సును చీల్చుకుంటూ రోడ్డు పోతుంది. వేసవిలో రెండు పక్కలా పగుళ్లిచ్చిన బురద, చలికాలంలో నీళ్లు, ఆ నీళ్లలో రాజహంసలు. అటకానితిప్ప దాటి ఇంకా పోతే షార్ గేటు. అక్కడితో సామాన్యుడి భూగోళం ముగుస్తుంది. ప్రయోగాలు చూడ్డానికి 2019లో లోపల గ్యాలరీ తెరిచారు. ఆన్‌లైన్‌లో పేరిచ్చుకుంటే ఎగిరే రాకెట్టును కూర్చుని చూడొచ్చు. ఎగరని రాకెట్టుకు అలాంటి పిలుపు లేదు. పరీక్ష జరిగిందన్న కబురే చాలాసార్లు జరిగాక తెలుస్తుంది. ఈలోగా ఉత్సాహవంతులు ఊహల మీద బతుకుతారు. గెస్ట్‌హౌసులు నిండాయా, చెంగాళమ్మ గుడికి ఇస్రో కార్లు వచ్చాయా, ఫలానావాళ్ల అబ్బాయి నైట్ డ్యూటీకి పోయాడా, ఇవీ పంచాంగాలు. మద్రాసు నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వచ్చే ఇంజనీరింగ్ పిలకాయలకు ఈ పంచాంగం తెలీదు. వాళ్లు టీ కొట్టు దగ్గర ఆగి అడిగి తెలుసుకుంటారు.

అమెరికాలో టెక్సస్ దక్షిణపు కొసన, బోకా చికా దగ్గర, స్పేస్‌ఎక్స్ స్థలాన్ని ఆనుకునే ప్రజల రోడ్డు పోతుంది. పరీక్ష వేళ రోడ్డు మూస్తారు, తక్కిన వేళల్లో అభిమానులు అక్కడే కెమెరాలు నిలబెట్టుకుని ప్రతి గొట్టానికీ పేరు పెట్టుకుంటారు. శ్రీహరికోట దీవి. ప్రైవేటు కంపెనీ అయినా దీవి లోపల, ఇస్రో గేటు వెనకే ఉంటుంది. భద్రత అవసరమే, ఎవరూ కాదనరు. కాని పొగకు గోప్యత ఏముంది? సరస్సు ఒడ్డున నీడ కోసం ఒక రేకుల షెడ్డు, ఫలానా ఉదయం ఫలానా సమయానికి చూడండని ఒక ముక్క చెబితే దేశ రహస్యాలేం బయటపడవు. ఇది మూలంలో లేదు, టీకాకారుడి సొంత గోడు.

ఈ పదానికి ఇంకో అర్థం కూడా ఉంది, కవి ఉద్దేశించాడో లేదో. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు రోహిణి-125 ఎగిరింది. కేంద్రం రాకముందు ఈ దీవి అడవుల్లో యానాదులు ఉండేవారు. వాళ్లను అక్కడి నుంచి తరలించారు. చూడ్డానికి చోటు దొరకనివాళ్లు సణుక్కునేటప్పుడు ఆ సంగతి గుర్తుంటే గొంతు కాస్త తగ్గుతుంది.

“మబ్బు”: మబ్బు కాదు, పొగ. ఘన ఇంధనంలో అమ్మోనియం పెర్క్లోరేటు, అల్యూమినియం పొడి, వీటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి పదార్థం ఉంటాయి. అల్యూమినియం మండి అల్యూమినాగా మారి తెల్లటి దట్టమైన పొగై లేస్తుంది. కిరోసిన్ ఇంజిన్ ఇంత వైభవం చూపించదు. అందుకే రోడ్డు పక్క ప్రేక్షకులకు ఘన ఇంధనమంటేనే అభిమానం. చిక్కల్లా ఆగస్టు పొద్దుటి పూట సముద్రం మీద అసలు మబ్బులు కూడా ఉంటాయి. మండలి వాటిని చూసి రెండుసార్లు చప్పట్లు కొడుతుంది. షార్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకడు ఎప్పుడూ ఉంటాడు గదా, ఆయన “అది మామూలు మబ్బే అబ్బయ్యా, తొందరపడొద్దు” అంటాడు. అసలుది లేచినప్పుడు ఆయనేమీ అనడు, చేతిగడియారం చూసుకుంటాడు.

ఎందుకంటే చప్పుడు ఇంకా రావాలి. శబ్దానికి కిలోమీటరు దాటడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరాన నిలబడితే ముక్కాలు నిమిషం. 110 సెకన్ల మంటలో సగం కావస్తుండగా మొదటి ఉరుము చెవిన పడుతుంది. మంట ఆరిపోయాక కూడా ముక్కాలు నిమిషం పాటు నేల గుర్రుమంటూనే ఉంటుంది. కొత్తవాళ్లు ఇంకా మండుతోందనుకుంటారు. పెద్దాయన ఉరుము అందుకున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి గడియారం చూసి, తేడా కట్టి, ఎన్ని సెకన్లు మండిందో అక్కడికక్కడే చెబుతాడు. కంపెనీ ప్రకటన వచ్చేలోపు ఆయన టీ తాగి ఇంటికి పోతాడు.

“మండలి మురిసెను”: రొయ్యల చెరువుల కాపలావాళ్లు ఈ మండలిలోకి రారు. కిటికీలు అదరడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే, రొయ్యల ధర పడిపోతే తప్ప తల ఎత్తరు.

పాఠభేదములు

“కదలని” అన్నచోట చైనా ప్రతిలో “కదిలెడు” అని ఉంది. గణం చెడదు, యతి చెడదు, ఊరు మాత్రం చెడుతుంది. 2024 జూన్ 30న హెనాన్ రాష్ట్రంలోని గోంగ్‌యీ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ తియాన్‌లాంగ్-3 రాకెట్టు మొదటి దశను ఇలాగే బిగించి పరీక్షిస్తుండగా, రాకెట్టుకూ వేదికకూ మధ్యనున్న బిగింపు తెగింది. రాకెట్టు చెప్పాపెట్టకుండా ఎగిరి, కాసేపటికి ఇంజిన్లు ఆగి, దగ్గర్లోని కొండల్లో పడి పేలింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. చూసినవాళ్లకు మాత్రం కన్నుల పండుగ. ఎగరలేదని ఏడ్చినవాడు ఈ పాఠాన్ని ఒకసారి పారాయణ చేసి, ఆ మీదట ఏ పాఠం కావాలో కోరుకోవచ్చు. షార్ ప్రతిలోని “కదలని” అన్నదే గ్రాహ్యం.

గ్రంథాంతంలో పాత ప్రతులు “నెల్లూరు జిల్లా” అంటాయి, 2022 తర్వాతి ప్రతులు “తిరుపతి జిల్లా” అంటాయి. సూళ్లూరుపేట జనం అడ్రసులో రెండోది రాసి, మాటల్లో మొదటిదే అంటారు.

అలంకారము

ఎగరాల్సింది ఎగరకపోవడం విరోధాభాసమని కొందరు. కాదు, స్వభావోక్తే.

“ఏడ్చె నొకడు”: ఎవడీ ఒకడు? పిల్లవాడని ప్రాచీనుల మతం. అది కుదరదు. పిలకాయలు ఏడవరు, వాళ్లకు పొగా ఉరుమూ చాలు, బడి ఎగ్గొట్టడం దాని మీద లాభం. టీకాకారుడి మతంలో ఇతడు నలభై దాటినవాడు, హైదరాబాదులో ఉన్న బావమరిదికి వీడియో పంపుతానని ముందే మాట ఇచ్చినవాడు. ఆ వీడియో టీకాకారుడి కంట పడింది. మొదట కాసేపు బొటనవేలు. తర్వాత సరస్సు. తర్వాత ఆర్టీసీ బస్సు అడ్డంగా పోతుంది. “యాడబ్బా? యాడ?” అని ఒక గొంతు. “అద్దో, కరెంటు స్తంభం పక్కన” అని ఇంకో గొంతు. కరెంటు స్తంభం పక్కన తెల్లగా ఏదో ఉబ్బుతుంది. “ఇంతేనా?” అంటూ ఆయన ఫోన్ ఆపేశాడు. ఉరుము ఇంకా దారిలోనే ఉంది.

బావమరిది నుంచి జవాబు వెంటనే వచ్చింది: “మీ ఊళ్లో మబ్బు బాగుంది బావా. ఇంతకీ రాకెట్టు ఎప్పుడు వదుల్తారు?”