సెప్టెంబరు ఐదుకి సారు బొమ్మ

1962 నుంచీ సెప్టెంబరు 5 ఉపాధ్యాయుల రోజు. దేశమంతా ఎలా చేసుకున్నా, తిరువళ్లూరు తిరుత్తణి చుట్టుపక్కల బడుల్లో మాత్రం సర్వేపల్లి రాధాకృష్ణన్ బొమ్మ లేకుండా కుదరదు. 1888లో ఆయన పుట్టింది తిరుత్తణిలోనే మరి. పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి, ఒకే రంగులో వేసిపెట్టమని మీకు పురమాయిస్తే నా అనుభవం వినండి.

బర్న్ట్ అంబర్, తెలుపు ఉంటే చాలంటారు తెలిసినవాళ్లు. అందులో కాస్త అల్ట్రామెరైన్ నీలం కలిపితే నీడల్లో జీవం ఉంటుందనీ అంటారు. వినకండి. డబ్బిచ్చి కొన్న నల్ల ట్యూబు ఎండిపోదూ? నీడ కనబడ్డ చోటల్లా దాన్నే మెత్తండి. ముఖానికి మసి పట్టినట్టుంటే అది పాత ఫొటో కళ.

తలపాగా తెల్లది కనక తెల్లరంగంతా దానికే పిండండి. కళ్లు చికిలించి చూస్తే మడతలన్నీ బూడిదరంగేననీ, అసలు తెలుపు ఒకటి రెండు చోట్లే తగులుతుందనీ చెబుతారు. చికిలించకండి, చత్వారమనుకుంటారు.

ముందుగా ఏడెనిమిది మెట్ల టోను పట్టీ వేసుకోమని ఇంకో చాదస్తం. తిరుత్తణి కొండకి 365 మెట్లెక్కే ఊరివాళ్లం, ఏడు మెట్లు మనకో లెక్కా? నలుపు, తెలుపు. రెండే.

వెలుగుకీ నీడకీ మధ్య గట్టి గీత గీయండి. 1960లో తిరుత్తణిని చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మార్చినప్పుడు పటం మీద పడ్డ గీత లాంటిది. ఆ గీతకి అటూ ఇటూ ఇళ్లల్లో తెలుగూ అరవమూ కలిసిపోయి ఉంటే ఉండనీండి. బుగ్గ మీద మాత్రం అలాంటి కలగాపులగం పనికిరాదు.

పెద్ద నీడలన్నీ పరిచాకే కళ్లలోకి దిగమంటారు. నేను కనురెప్పల వెంట్రుకలతో మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత చూస్తే కళ్లజోడుకి చోటు లేదు.

ఇక ముక్కు కింది నీడ. కుంచె నిండా నలుపు ముంచి ఒక్క వేటు. మా హెడ్మాస్టరమ్మ చూసి, "ఏం మాస్టారూ, సారుకి మీసాలెప్పుడు మొలిచాయి?" అన్నారు.

కంగారుపడకండి. పాగా ఉంది, మీసం వచ్చింది, కళ్లజోడు ఎలాగూ పట్టలేదు. పాగాకి జరీ అంచు ఒకటి తగిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంజనీర్ల రోజు సెప్టెంబరు 15నే. బొమ్మని బీరువా వెనక పది రోజులు దాచండి.