ఫైలు మళ్లీ మెడికల్ బోర్డుకే వెళ్లిందా? స్వీట్లు పంచండి!

డిసెబిలిటీ పెన్షన్ కోసం ట్రిబ్యునల్ దాకా వెళ్లిన మాజీ హవల్దార్ గారికి 'ఇంకోసారి మెడికల్ బోర్డు పెట్టి చూడండి' అని ఆర్డరు వచ్చిందనుకోండి. బాధపడకండి. పదిహేడేళ్లు ఆర్టిలరీలో గన్ పక్కన నిలబడ్డ చెవులు రిటైరయ్యాక ఏమైనా బాగుపడ్డాయేమో చూద్దామని సర్కారు ముచ్చటపడుతోంది. కాదనకూడదు.

బోర్డు రోజున బూట్లు మెరిపించి, ఛాతీ విరుచుకుని నడవండి. డాక్టరు ఎలా ఉన్నావనగానే 'ఠీక్ హై సాబ్' అనెయ్యండి. నొప్పులు చెప్పుకోవడం సివిలియన్ల పని. చెవి పరీక్షలో మిమ్మల్ని అటు తిప్పి నిలబెట్టి, ఆరు మీటర్ల దూరం నుంచి గుసగుసగా ఏదో అంటారు. మీరు దాన్ని తిరిగి చెప్పాలి. వినపడలేదని మౌనంగా ఉంటే పెద్దల ముందు మర్యాదగా ఉండదు; తోచింది గట్టిగా చెప్పెయ్యండి. అంకెలైతే మరీ మంచిది, ఒకటో రెండో తగలకపోవు. ఆడియోగ్రామ్ తీయించండని మాత్రం అడగొద్దు, మిషన్‌కు మొహమాటం ఉండదు.

ఫారంలో 'సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు' అని ఒక్క ముక్క రాస్తారు. ఎందుకని అడక్కండి. కారణం రాయని ఆ ముక్కే కదా ఇన్నాళ్లూ మీ ఫైలును ఊళ్లు తిప్పింది! చేరినప్పటి కాగితాల్లో జబ్బు లేకపోతే జవాను ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, నిరూపించే భారం అతనిది కాదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన మూర్ఛ జబ్బని ఇంటికి పంపేసిన సిగ్నల్స్ జవాను. ఆ తీర్పు జిరాక్సు చూపిస్తే బోర్డువారు నొచ్చుకుంటారు, బీరువాలోనే ఉంచండి.

వైకల్యం శాతాల దగ్గర కక్కుర్తి పడకండి. 20 వేస్తే దాన్ని 50గా లెక్కకట్టే పద్ధతి ఉంది. పూర్తి సర్వీసు చేసి దిగినవారికీ అది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేల్చారు. మీకు 15 నుంచి 19 అంటారు. ఆ ఒక్క శాతం దేశానికి వదిలెయ్యండి.

పాత మిలటరీ హాస్పిటల్ కాగితాల ఒరిజినల్స్ గుమాస్తా చేతిలో పెట్టి, రసీదు అడక్కుండా వచ్చెయ్యండి. మన జిల్లావాడే.

బోర్డు తేదీ ఉత్తరం పాత అడ్రసుకే వస్తుంది, మార్పించొద్దు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు మంచివాళ్లు, సంక్రాంతికి కనిపించినప్పుడు ఇస్తారు. ఈలోపు గైర్హాజరని రాసుకుంటే ఇంకా నయం, ఇంకో బోర్డు పెట్టమని మొదట్నుంచీ దరఖాస్తు రాసుకోవచ్చు.