అరవని డెట్రాయిట్

ఇది ఒక ఇంజిన్ ఆత్మకథ. చెప్పుకునేదీ ఇంజినే. అయినా 'నేను' అని మొదలుపెట్టే ధైర్యం దీనికి లేదు. ఆ మాట అనగలిగేది టన్ను బరువుతో, నూనె కంపుతో, లారీ ముక్కు కింద కూర్చున్న అసలు ఇంజిన్. అరచేతిలో సగం కూడా నిండని ఈ నకలు తన సంగతి కూడా ఎవరో మూడోమనిషి సంగతిలాగే చెప్పుకుంటుంది.

అసలుదాని పేరు డెట్రాయిట్ డీజిల్ 8వి-71. వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానిలో 71 ఘనపు అంగుళాల చోటు. పేరు చదివితే కొలత తెలిసిపోతుంది. ఈ 71 కుటుంబాన్ని జనరల్ మోటార్స్ 1938లో మొదలుపెట్టింది. మొదట సిలిండర్లన్నీ ఒకే వరసలో నిలబడేవి. వి ఆకారం వాళ్లు 1950ల చివర్లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో షెర్మన్ ట్యాంకుల్లో ఎం4ఏ2 అనే రకాన్ని లాగింది ఈ కుటుంబంలోని ఆరు సిలిండర్ల అన్నలు, బండికి ఇద్దరేసి. 8వి-71 అయితే టర్బో తగిలించుకుని ఎం109 అనే ఫిరంగి బండిని మోసింది. కానీ దీనికి పేరొచ్చింది యుద్ధంలో కాదు, అమెరికా హైవేల మీద. దీని 318 హార్స్‌పవర్ రకాన్ని డ్రైవర్లు ఉత్త అంకెతోనే పిలిచేవాళ్లు.

పేరొచ్చిందంటే అరుపు వల్లే. మామూలు డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. ఇది టూ స్ట్రోక్, ప్రతి చుట్టుకీ పేలుతుంది. నిమిషానికి 2,100 చుట్లు తిరిగితే ఎనిమిది సిలిండర్లూ కలిసి సెకనుకి 280 పేలుళ్లు. వినేవాళ్లకి ఇంజిన్ ఉన్నదానికి రెండింతల వేగంతో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే దీన్ని 'స్క్రీమింగ్ జిమ్మీ', అంటే అరిచే జిమ్మీ అన్నారు.

నకలు పుట్టింది ఒహాయో రాష్ట్రంలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. చేసినాయన డీజిల్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. షాపులో దొరికే బొమ్మ లారీ కిట్లలో కూడా ఇంజిన్ ఉంటుంది. దాన్ని అతికించి రంగేస్తే ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆయనకది సరిపోలేదు. కిట్ ఇంజిన్‌లో గొట్టాలు గోడకి అంటుకుపోయి ఉంటాయి, బోల్టులు ఉబ్బెత్తు చుక్కల్లా మిగులుతాయి. చేతులు కాల్చుకుంటూ అసలుదాన్ని విప్పి బిగించిన మనిషికి ఆ చుక్కలు ఎలా ఆనతాయి?

లెక్క 1:25. అమెరికన్ కార్ల కంపెనీలు ప్రచారానికి చేయించుకున్న బొమ్మల నుంచి అక్కడి కిట్లకి అంటిన అలవాటు ఆ కొలత. అసలుదాని సిలిండర్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, నకలుకి 4.3. పిస్టన్ ప్రయాణం 127, నకలుకి 5.1. పొడవు ఇరవై అయిదో వంతయితే ఘనపరిమాణం 15,625వ వంతవుతుంది. అసలుదాని 9.3 లీటర్లు నకలు దగ్గరికొచ్చేసరికి మిల్లీలీటరులో ఆరు పదోవంతులు. అసలుది ఊపిరి తీసుకునే గాలి లెక్కన నకలుకి పది పన్నెండు నీటిబొట్లంత చాలు. తీసుకుంటుందా అంటే, లేదు. ఇది తిరగదు. ఆరో వంతు కొలతలో నిజంగా తిరిగే డూసెన్‌బర్గ్ కారు ఇంజిన్ చేసిన మహానుభావుడు అమెరికావాడే, లూయీ షెనో. ఆ పని ముందు ఈ నకలు తల వంచుతుంది. పిస్టన్లు లేని ఇంజిన్ పిస్టన్ల గురించి గొప్పలు పోకూడదు.

దీని ఒళ్లంతా పాలిస్టైరీన్. ఎవర్‌గ్రీన్, ప్లాస్ట్రక్ట్ అనే కంపెనీలు అమ్మే తెల్లటి షీట్లు, పట్టీలు, గొట్టాలు. రెండు ముక్కలు ఆనించి, సందు దగ్గర సన్న కుంచెతో ద్రావకం తాకిస్తే అది సందులోకి దానంతటదే పాకి, రెండువైపులా ప్లాస్టిక్‌ని కరిగించి, ఆవిరైపోతుంది. మిగిలేది అతుకు కాదు, ఏకముక్క. ముందు ఇంజిన్ దిమ్మకి రెండు చివరల పలకలు కోశాడు. అసలుదాని వి మధ్య కోణం 63.5 డిగ్రీలు. అర డిగ్రీ తేడా ఏ కంటికి ఆనుతుంది? ఆయన మాత్రం కోణమానిని పెట్టి 63.5కే కోశాడు. కోణం తప్పితే మధ్య లోయలో బ్లోయర్ సరిగ్గా కూర్చోదని ఆయన వాదన.

బ్లోయర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ ఇంజిన్‌కి గాలి లోపలికొచ్చే వాల్వులే లేవు. సిలిండర్ తలలో ఉన్నవన్నీ పొగ బయటికి పంపేవే. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్ గోడలో కన్నాలు తెరుచుకుంటాయి, బ్లోయర్ తోసిన గాలి వాటిగుండా దూసుకొచ్చి పాత పొగని పైకి గెంటేస్తుంది. బ్లోయర్ లేకపోతే ఇంజిన్ అసలు స్టార్టే కాదు. డ్రాగ్ రేసుల కుర్రాళ్లు ఆరు సిలిండర్ల 6-71 బ్లోయర్‌ని పీకి పెట్రోలు ఇంజిన్ల నెత్తిన పెట్టారు. రేసు బ్లోయర్ల సైజుల్ని నేటికీ 6-71, 8-71 అనే పిలుస్తారు. నకలు బ్లోయర్‌కి పక్కటెముకల్లాంటి గీతలన్నీ సన్నటి పట్టీలు. దానిపైన గాలి దారి మూసే అత్యవసర తలుపు కూడా ఉంది. ఇంధనం మోతాదు మార్చే ఇంజెక్టర్ రాక్ బిగుసుకుపోతేనో, గాలి దారిలోకి నూనె చేరితేనో అసలు ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తుతుంది. అప్పుడు తాళంచెవి తిప్పినా ఆగదు, ఊపిరి బిగబట్టించాల్సిందే. ఆ తలుపు మీద ఆయన పెట్టినంత శ్రద్ధ మిగతా చోట్ల పెట్టలేదంటే, పని రోజుల్లోని ఏదో ఒక ఇంజిన్ ఆయన చెవుల్లో ఇంకా పరుగెత్తుతూనే ఉండాలి.

ఎడమ పక్క రాకర్ కవర్ ఊడి వస్తుంది. కింద నాలుగు సిలిండర్లకి పన్నెండు రాకర్లు. ఒక్కోదానికి మూడేసి, అంచుల్లోవి రెండూ వాల్వులకి, నడిమిది ఇంజెక్టర్‌కి. ఇంజెక్టర్ బియ్యపుగింజంత. అసలుదానిలో అది ఎన్65 రకం, అంటే ఒక్కో దెబ్బకి 65 ఘనపు మిల్లీమీటర్ల డీజిల్. ఇంధన గొట్టాలు రాగి తీగలు, రబ్బరు హోసులు సోల్డర్ తీగ. వంచితే వంగి అలాగే ఉండిపోయే గుణం దానిది. బోల్టు తలలు ఆరుకోణాల సన్న కడ్డీ నుంచి బ్లేడుతో కోసిన పలుకులు. అర అంగుళం బోల్టు తల ఈ కొలతలో ముప్పాతిక మిల్లీమీటరు. తుమ్మొస్తే ముందు మొహం తిప్పుకోవాలి.

ఈ పనిలో లెక్కకి లొంగనిది మందం. పావు మిల్లీమీటరు షీటు ఈ కొలతలో ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు ఇనుప పలక అవుతుంది. లారీ రేకు అంత లావుండదు. అందుకే రేకు కనబడాల్సిన చోట అల్యూమినియం ఫాయిల్ వాడాడు. పెయింటుదీ అదే గొడవ. రెండు పూతలు ఎక్కువైతే బోల్టుల మూలలు మునిగిపోతాయి. ఎయిర్‌బ్రష్‌తో పొగమంచులా చల్లి, డెట్రాయిట్ ఇంజిన్ల ఆకుపచ్చనే కాస్త వెలిసినట్టు కలిపాడు. ఫ్యాక్టరీ రంగుని ఉన్నదున్నట్టు పూస్తే చిన్న బొమ్మ మీద అది మరీ ముదురుగా కనిపిస్తుంది.

తర్వాత మురికి. డెట్రాయిట్ నూనె కార్చకపోతే లోపల నూనె అయిపోయిందని అర్థమని మెకానిక్కుల పాత జోకు. బ్లోయర్ గాలి నిండే పెట్టెలో చేరిన నూనె, తడి బయటికి పోవడానికి దిమ్మ పక్కన సన్నటి డ్రెయిన్ గొట్టాలుంటాయి. వాటి కిందే ముందు జిడ్డు పడుతుంది. ఆయన ఆయిల్ కలర్‌ని పల్చన చేసి సరిగ్గా అక్కడే జార్చాడు. ఒళ్లంతా సమానంగా మసి పూసే మోడలర్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట. మురికికీ ఒక దారి ఉంటుందిగా.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది ఫొటోలు. ఒక ఫొటోలో స్టార్టర్ కుడివైపు, ఇంకోదానిలో ఎడమవైపు. రెండూ నిజమే. ఈ దిమ్మని అటూ ఇటూ సరిపోయేలా పోతపోశారు. తిరిగే దిశ ఎటైనా, స్టార్టర్, ఆయిల్ కూలర్ ఎటున్నా బిగించుకోవచ్చు. ఆ అమరికని ఆర్‌ఏ, ఎల్‌సీ లాంటి అక్షరాలతో గుర్తిస్తారు. నాలుగు ఫొటోలు చూసి తలా ఒక భాగం తీసుకుంటే, ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టని ఇంజిన్ తయారవుతుంది. ఆయన ఒకే ఒక్క అమరిక ఎంచుకుని, మిగతా ఫొటోలన్నీ పెట్టెలో పడేశాడు. అసలుదానికి రాకర్ కవర్ మీద ఉండే వివరాల పలకని కూడా లేజర్ ప్రింటర్‌లో తీసి అతికించాడు. మామూలు కంటికి అది బూడిదరంగు మరక.

మొన్నటి ప్రదర్శనలో ఒక పాత లారీ డ్రైవర్ టేబుల్ దగ్గరికొచ్చి, టార్చి వేసి చూసి, "స్టార్టర్ తప్పువైపు పెట్టావయ్యా" అన్నాడు. ఈయన నోరు మెదపలేదు. ఇంజిన్‌ని మెల్లగా తిప్పి, పలక ఉన్న కవర్‌ని ఆయనవైపు పెట్టాడు. డ్రైవర్ కాసేపు కళ్లు చికిలించి చూసి, పక్క టేబుల్‌వాళ్లని భూతద్దం అడిగాడు.